ముందు చక్రానికి మూడు అంగుళాలు

మొన్న పలాసలో ఒక షెడ్డు ముందు ఎవరో యువకుడు తన కొత్త జీపు ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, అది ఎంత మేర లేచి దిగుతుందో టేపుతో కొలుస్తున్నాడు. కొండదారుల్లో సరదాగా తిప్పడానికట. ఆ అంకె ఎంతో అడిగి తెలుసుకుంటే గాని నేను అక్కడినుంచి కదలలేకపోయాను. కిడ్నీ జబ్బు పాతుకుపోయిన మా ఉద్దానం పల్లెల్లో నా ఈడువారు ఆ కొలతను సరదా కోసం తీసి ఉండరు.

2004 వేసవిలో మా వదినకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని విశాఖపట్నంలో తేల్చారు. అంతకు రెండేళ్ల ముందు మా అన్నయ్యను తీసుకుపోయిందీ ఆ జబ్బే. రక్తశుద్ధికి, అదే డయాలసిస్‌కు, వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లాలి, రైలు పలాసలో ఎక్కాలి, పలాస దాకా జీడితోటల మధ్య ఇసుకా గోతులూ కలిసిన దారిలో మా పాత జీపే గతి. అందుకోసం మెడ దగ్గర పెట్టిన గొట్టం ప్రతి గతుకుకూ లాగేస్తోందని, ఆ కుదుపులు తాను పడలేనని, ఇక రానని వదిన మొండికేసింది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. వెళ్లకపోతే బతకదు. అయితే కుదుపు కొలతకు లొంగే విషయం కనుక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

పలాసలో మెకానిక్ షెడ్డు నడిపే మా అక్క భర్తతో కలిసి కొలిస్తే, ముందు చక్రం మొత్తం నాలుగు అంగుళాలే ఆడుతోందని, ఆపైన ఇనుము రబ్బరు దిమ్మకు కొట్టుకుని దెబ్బ నేరుగా సీటుకు చేరుతోందని తేలింది. బండి బరువు మోసే మందపాటి కమాను పట్టీలు తీసి పొడవైన పల్చటివి కట్టాం, షాకబ్జార్లు మార్చాం, చక్రం దిగినప్పుడు తెగకుండా బ్రేకు గొట్టమూ పొడిగించాం. ఏడు అంగుళాలు వచ్చింది. అంతటితో నమ్మకం కుదరక, వదిన కూర్చునే చోట కొబ్బరిపీచు కుదురు మీద నిండుబిందె పెట్టి, అదే దారిన నడిపించి, ఎన్ని వేళ్ల నీరు తొణికిందో చూసి, పట్టీలు మళ్లీ విప్పమనేవాణ్ణి.

"ఏటి బామ్మర్దీ, జీపు సేత్తన్నామా, ఉయ్యాల సేత్తన్నామా?" అని ఆయన విసుక్కునేవాడు.

రెండు వేళ్లకు మించి తొణకని నాడు వదినను బతిమాలి ఎక్కించాం. దారి పొడవునా ఆమె ఒక్కసారైనా మెడ పట్టుకోలేదు. నేను గెలిచాననుకున్నాను. స్టేషను ముందు బండి ఆపితే ఆమె దిగలేదు.

"బండి మెత్తగానే ఉంది బాబూ. మీ అన్నతో ఎల్లి అంతా సూసేను. నాకే రావాలని నేదు."

ఎంత బతిమాలినా దిగలేదు. వెనక్కి తీసుకువచ్చాం. తొలకరి పడకముందే పోయింది.

ఇప్పుడు మా ఊరికి సిమెంటు రోడ్డు ఉంది, రక్తశుద్ధి పలాసలోనే జరుగుతోంది, జబ్బు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. మంచి రోజులే అనాలి కాబోలు. కానీ విసిగిపోయి ఇక రాలేననుకునే మనిషికి, ఇంట్లోవాళ్ల మనసు నొప్పించకుండా చెప్పుకోవడానికి ఈ దారిలో ఒక్క గతుకైనా మిగల్లేదు.