గాజు పక్కన నల్లమట్టి

మా నాన్నకూ మా ఆయనకూ మధ్య తొమ్మిదేళ్లు దుబాసీ ఉండేది. మొదట ఆ ఉద్యోగం నాది. మాటలు రాగానే మా అమ్మాయికి అప్పగించాను. ఇద్దరూ తెలుగే మాట్లాడతారు, ఎదురెదురు కుర్చీల్లోనే కూర్చుంటారు. అయినా మా నాన్న, "అమ్మలూ, మీ నాన్న ఆ ఫ్యాను కాస్త పెంచుతాడేమో అడుగు" అంటాడు. ఫ్యాను స్విచ్చు మా ఆయన చెవి పక్కనే ఉంటుంది. అమ్మాయి టీవీ మీంచి చూపు తిప్పకుండా "డాడీ, ఫ్యాన్" అంటుంది. ఆయన లేచి పెంచి, "సాలునా అడుగు బిడ్డా మీ తాతని" అంటాడు. చాలిందన్న సంగతి మళ్లీ అదే దారిన వెనక్కి వస్తుంది.

నేను పుట్టింది బోధన్ దగ్గర ఒక క్యాంపులో. కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. మేం వచ్చి మూడు తరాలైనా మా ఇంట్లో మాట మాత్రం ఇంకా కృష్ణ దాటి రాలేదు. నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ, ఎరువుల దుకాణంలో పనిచేసే ఇక్కడి మనిషిని చేసుకున్నాను. నాన్నను అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు మరి. మూడేళ్లు ఆయన మా గడప తొక్కలేదు. అమ్మాయి పుట్టాక నెలకోసారి బీపీ బిళ్లల పేరు చెప్పి రావడం మొదలుపెట్టాడు. వినాయక్‌నగర్‌లో మా ఇంట్లో ఒక టీ తాగి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోతాడు. బోధన్‌లో బీపీ బిళ్లలు దొరకవా అని నేనెప్పుడూ అడగలేదు.

నాన్న మొండితనం మామూలుది కాదు. మా క్యాంపులో నాట్లప్పుడు ఒకరికి నారు తక్కువైతే ఇంకొకరి మడిలోంచి కట్టలు తెచ్చుకుంటారు. దానికి డబ్బు ఇవ్వరు, తీసుకోరు. కానీ ఎవర్ని పడితే వాళ్లని అడగరు. మనవాళ్లు అనుకున్నవాళ్లనే నారు అడుగుతారు. ఒక ఏడాది మాకు నారు చాల్లేదు. పక్క చేను ఆయన మడిలో బోలెడంత మిగిలింది. ఆయనతో నాన్నకు మాటల్లేవు. అమ్మ ఎంత చెప్పినా వినకుండా అరెకరం బీడు పెట్టాడు గానీ నోరు తెరిచి అడగలేదు. ఆ బీడు పక్కనుంచే నేను ఆ ఏడాదంతా బడికి వెళ్లాను.

అందుకే నేను పెద్ద కోరికలు పెట్టుకోలేదు. నాన్న ఒక్కసారి మా ఆయన మొహం చూసి నేరుగా ఒక మాట అంటే చాలనుకునేదాన్ని. అది మంచి మాటే అయ్యుండాలని కూడా లేదు.

ఈ గొడవలోకి చేపలు వచ్చింది మా ఆయన ఫోను వల్ల. మోటరు లేకుండా, గాలి పంపు లేకుండా గాజు తొట్టిలో చేపలు పెంచే వీడియో ఒకటి చూశాడు. అడుగున అంగుళం మందాన మట్టి, దాని మీద ఇంకో అంగుళం ఇసుక, నిండా నీటిమొక్కలు, కిటికీ వెలుతురు. అంతే. చేపల మురికి మొక్కలు తింటాయి, మొక్కలు వదిలిన గాలి చేపలు పీలుస్తాయి.

"కరెంటు పోయినా పరేషానీ లేదు. మనం గిట్ల సూసుకుంట కూసునుడే," అన్నాడు.

నిజానికి చూస్తూ కూర్చోవడం ఒక్కటే ఆ మనిషికి చేతకాదు. రెండడుగుల తొట్టి వచ్చేసింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన మంజీర ఇసుకను జల్లెడ పట్టి ఏడు నీళ్లు కడిగాడు. మట్టి సంగతి నేను చూస్తానన్నాను. నాన్నకు ఫోన్ చేసి, "మొక్కలకి మంచి మట్టి కావాలి, ఒక బస్తా పంపించు" అన్నాను. చేపల ఊసు ఎత్తలేదు. ఎత్తితే, కూర వండుకునేవాటికి గాజు మేడ ఎందుకని అరగంట క్లాసు పీకుతాడు.

మర్నాడు బోధన్ బస్సులో బస్తా దిగింది. మా వాళ్లు కూతురింటికి ఏది పంపినా నాసిరకం పంపరు. బియ్యమైనా బెల్లమైనా అంతే, ఆఖరికి మట్టి అయినా అంతే. చెరుకు చేలోంచి తవ్విన నల్లరేగడి, మాగిన గొర్రెల ఎరువు కలిపి ఉంది. చేత్తో ముట్టుకుంటేనే తినాలనిపించేంత మెత్తగా ఉంది. కొంచెం కరివేపాకు కుండీలో పోసి, మిగిలింది తొట్టి అడుగున పరిచాం. ఇసుక కప్పాం. పొడుగాటి ఆకుల నీటిగడ్డి నాటి, ఇసుక చెదరకుండా పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోశాం. వీడియోలో ఇంకా వారాల తరబడి ఆగమని ఏదో చెప్పారట. మా ఆయన అక్కడిదాకా చూడలేదు. రెండో రోజే ఎనిమిది గప్పీ చేపలను తెచ్చి వదిలాడు.

నాలుగో రోజుకు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సాయంత్రానికి ఆరు పోయాయి. మిగిలిన రెంటినీ బకెట్లోకి మార్చాం. మా అమ్మాయి అన్నం తినలేదు. వారం తిరిగేసరికి తొట్టిలో నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారిపోయాయి. మా ఆయన మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగున మట్టి ఇంత తీసి పళ్లెంలో వేసి చూశాడు. సగం కరిగిన బూడిదరంగు గుళికలు కనిపించాయి. ఆయన రోజూ బస్తాలకు బస్తాలు అమ్మేది అదే.

"డీఏపీ," అన్నాడు. "మామనే కలిపిండు. మొక్కలకంటివి గద, బిడ్డకని ఎక్కువనే కలిపినట్టున్నడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్నకు చెప్పొద్దన్నాను. తను పంపినదాని వల్ల మనవరాలి చేపలు చచ్చాయని తెలిస్తే ఆయన మళ్లీ ఏదీ పంపడు. నెలకోసారి వచ్చి తాగే ఆ ఒక్క టీ కూడా మానేస్తాడేమోనని భయం వేసింది. మా ఆయన చెప్పనన్నాడు.

ఆ మరుసటి రోజే నాన్న బీపీ బిళ్లల రోజు. వచ్చి కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఆ పచ్చటి పెట్టెను చూశాడు.

"అమ్మలూ, ఇదేంటి?"

"ఫిష్ ట్యాంక్ తాతయ్యా. సిక్స్ చచ్చిపోయాయి."

"ఎట్లా చచ్చాయి?"

అమ్మాయి నోరు తెరిచింది. దాని నోట్లో ఏ మాటా ఆగదు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపే మా ఆయన అందుకున్నాడు.

"నేనే మందేసిన మామా. దుకాణం ఎనుక మొరం మన్ను తెచ్చి, జల్ది పెరగాలని గింత డీఏపీ కలిపిన, తెల్లారే చేపలు ఇడ్సిన. మీరు పంపిన మన్ను కుండీల పోసినం."

నాన్న తల మా ఆయన వైపు తిరిగింది. మా పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి.

"బుద్ధుందా నీకు?" అన్నాడు.

"మందులమ్మేవాడివి, ఆ మాత్రం తెలీదా? నీళ్లలో మందేస్తే ఎక్కడికి పోతుందనుకున్నావు? చేలో అయితే కాలువకి పోతుంది. గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? నాటిన మర్నాడే చేపలేస్తావా? నాటిన మర్నాడే పైరు కోతకొస్తుందా ఎక్కడైనా?"

లేచి తొట్టి దగ్గరకెళ్లాడు. చుట్టూ తిరిగాడు. వంగి గాజు పక్కనుంచి అడుగు చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. గుక్క తిప్పుకుంటున్నాడనుకున్నాను. మళ్లీ మొదలుపెట్టాడు. ఆ మట్టంతా తీసి టబ్బులో పోయమన్నాడు. మూడు రోజులు నీళ్లలో నాననిచ్చి, పైనీళ్లు వంపి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టాలన్నాడు. పైన తేలే తెట్టు ఆగి, వాసన పోయేదాకా ఇదే పని అన్నాడు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి "ఔ మామా, ఔ మామా" అంటున్నాడు. మొహంలో పండగ. ఇంతలా తిట్లు తింటూ ఇంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు. నాన్న మూడు టీలు తాగాడు. నాలుగు గంటల బస్సు వెళ్లిపోయింది, ఆరు గంటల బస్సుకు వెళ్లాడు.

ఆ తర్వాత నెలన్నర మా బాల్కనీ వరిమడి అయింది. నీలం టబ్బులో నల్లటి బురద, మీద తెట్టు, చుట్టూ వాసన. కింది వాటావాళ్లు ముక్కు మూసుకుని పైకి చూసేవాళ్లు. నేను కూడా కిందికి వంగి, ఎక్కణ్ణుంచి వస్తుందబ్బా ఈ వాసన అన్నట్టు చూసేదాన్ని.

వారానికి రెండుసార్లు నాన్న ఫోన్. నేను ఎత్తి "నాన్నా, బాగున్నావా?" అనేలోపే, "ఆ పిల్లాడికివ్వు" అనేవాడు. నలభై దాటిన పిల్లాడు ఫోను పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తేవాడు.

"తెట్టు కడుతోందా?"

"జరంత కడ్తున్నది మామా."

"వాసనో?"

"తగ్గింది గని, ఉన్నది."

"అయితే ఇంకోసారి వంపెయ్. తొందరపడకు."

ఇంతే వాళ్ల సంభాషణ. ఇంట్లో తెట్టు గురించి తప్ప వేరే మాట లేదు. నేను వంటింట్లో నిలబడి వింటూ ఏడ్చేదాన్ని. అప్పుడు ఉల్లిపాయలు కూడా కొయ్యడం లేదు, సాకు చెప్పుకుందామంటే.

నాలుగోసారి వంపాక నీళ్లు తేటగా నిలిచాయి. మళ్లీ మట్టి పరిచి, ఇసుక కప్పి, నాటాం. ఈసారి నాన్న ఫోన్లో గట్టిగా చెప్పాడు, నత్తలు తిరిగి పిల్లల్ని పెట్టేదాకా చేపల మాట ఎత్తొద్దని. మొక్కలతో పాటు వచ్చిన నత్తలు గాజు మీద తీరుబడిగా తిరిగాయి. చిన్నచిన్నవి పుట్టుకొచ్చాయి. అప్పుడు బకెట్లో ఉన్న రెంటినీ వదిలాం. అవి బతికాయి. ఒకటి ఆడది, ఒకటి మగది కావడం మా అదృష్టం. తర్వాత చూస్తే ఆకుల మధ్య కనుపాపలంత పిల్లలు.

ఇప్పుడు మాకు పని తక్కువే. తగ్గినన్ని నీళ్లు పోస్తాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన పోవాలని రెండు రోజులు బకెట్లో నిలవ ఉంచి పోస్తాం. గాజుకు పట్టిన పాకుడు స్పాంజితో తుడుస్తాం. పైకి తేలిన పొడుగాకులు కత్తిరిస్తాం. చిటికెడు మేత, అదీ రోజు విడిచి రోజు. ఆ చిటికెడును మా ఆయన గుప్పెడు చెయ్యకుండా చూడటమే నాకు అసలు పని.

పిల్లలు పుట్టాయని విని నాన్న బీపీ బిళ్లల రోజు రాకముందే వచ్చాడు. కుర్చీ తొట్టి ముందుకు లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో గాజు పక్కన, ఇసుక కింది నల్లటి చార మీద తట్టాడు.

"మొరం ఎర్రగా ఉంటుంది," అన్నాడు.

మా అమ్మాయి నా వైపు చూసింది.

"ఇది మన పడమటి చేలో రేగడి. అందులో మందు కలిపింది నేను. మొక్కలకంది కదా అని రెండు దోసిళ్లు ఎక్కువే కలిపాను. ఆ రోజే చూశా. సగం తిట్టాక చూశా."

"చూసి కూడా ఆపలేదేం నాన్నా?" అన్నాను.

"ఆపితే మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలో తెలీలేదమ్మా," అన్నాడు, చేపల్నే చూస్తూ.

తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "నీ తప్పు కాదుగా. ఎందుకు పడ్డావయ్యా అన్ని మాటలు?"

మా ఆయన మెడ గోక్కున్నాడు. "మీరు నాతోని మాట్లాడుతుండ్రు గద మామా. మంచిగనిపించింది. ఊకున్న."

నాన్న టీ తాగాడు. బయల్దేరడానికి లేచి, అలవాటు ప్రకారం మనవరాలి వైపు తిరిగి, "అమ్మలూ, మీ నాన్న..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. నేరుగా మా ఆయన్ని చూశాడు.

"పాకలో సిమెంటు నీళ్లగాబు ఒకటి ఖాళీగా పడుంది నాయనా. నాకు కాస్త ఆ పొడుగాకుల నారు తీసియ్యి."

మా ఆయనకు నారు సంగతి తెలుసు. అరెకరం బీడు కథ నేను పెళ్లికి ముందే చెప్పాను. చొక్కా చెయ్యి భుజందాకా మడిచి తొట్టిలో చెయ్యి పెట్టాడు. ఒక కట్ట తీశాడు, ఇంకో కట్ట తీశాడు. తీస్తూనే ఉన్నాడు. నాన్న "చాలయ్యా, చాలు" అంటున్నా వినడం లేదు. తొట్టి సగం ఖాళీ అయింది. నేను ఆపలేదు.