మేడ మీద పావురాలు, కింద దర్జీగారు

యుద్ధం మొదలైన కొత్తలోనే ప్రభుత్వానికి దర్జీగారి పావురాల మీద అనుమానం వచ్చింది. ఆయన తాత శత్రుదేశం నుంచి వలస వచ్చినవాడు. దర్జీగారు పుట్టిందీ, పెరిగిందీ, పోలీసుల లాగులు కుట్టి కుట్టి వేళ్ళు కాయలు కాయించుకున్నదీ ఈ ఊళ్ళోనే. అయినా ఆ జాతి పౌరులెవరూ పావురాలు పెంచరాదని ఉత్తర్వు వచ్చింది. అవి కబుర్లు సరిహద్దు దాటిస్తాయట! తక్కిన పౌరులు నిక్షేపంలా పెంచుకోవచ్చు. దేశభక్తిలో పావురానికి యజమాని పోలికే వస్తుందని పైవాళ్ళ నమ్మకం కాబోలు.

కానిస్టేబులు వచ్చి పావురాలను బుట్టకెత్తి ఊరవతల వదిలేశాడు. అవి పందెపు పావురాలు. అతను సైకిలు తొక్కుకుంటూ స్టేషను చేరేలోగా గూటికొచ్చి గింజలు తింటున్నాయి. ఇంకా దూరం తీసుకెళ్ళి వదిలాడు. మళ్ళీ వచ్చాయి.

“నువ్వే రప్పిస్తున్నావు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పిలవలేదండీ. వాటి ఇల్లు అదే మరి.”

“ఇంకోసారి నీ ఇంటి మీద వాలాయో, నిన్ను నిర్బంధ శిబిరానికి పంపిస్తా.”

పావురాల మెడలు విరిచెయ్యమన్నారు చుట్టాలు. దర్జీగారికి చేతులు రాలేదు.

ఉపాయం ఆయన భార్యకు తట్టింది. కింది వాటాలో పాలాయన ఉండేవాడు. అనుమానం అంటని జాతివాడే గానీ, పావురమంటే హడలి చచ్చేవాడు.

“తమ్ముడూ, పై వాటాలోకి నువ్వెళ్ళు. మేం కిందికి దిగుతాం. మేడా నీదే, పావురాలూ నీవే.”

“అమ్మో! నెత్తి మీద వాలతాయక్కా!”

“వాలనీ. నీ నెత్తి మీద వాలితే కేసుండదుగా!”

సాయంత్రానికి మంచాలు మారిపోయాయి. దీన్ని జాతుల సమైక్యత అని పొగిడేవాళ్ళుంటారు. పాలాయనకు పై వాటా గాలి నచ్చింది, అంతే.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పాలాయన నెత్తిన ఒక పావురం కూర్చునుంది.

“ఇవంటే ప్రాణమండీ,” అన్నాడతను, కళ్ళు గట్టిగా మూసుకుని.

ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి, కిందికొచ్చి దర్జీగారికి వేలు చూపించాడు. “నువ్వు మాత్రం మేడ మెట్టు ఎక్కావంటే చూడు!”

ఒక సాయంత్రం పైనుంచి కేక: “బావా! గోధుమరంగుది ఇంకా దిగలేదు. అదుగో, డేగ తిరుగుతోంది!”

దర్జీగారు మెట్టు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నారు. ఈల వేస్తేగానీ అది దిగదు. ఆ అలవాటు చేసింది ఆయనే.

“ఎక్కొద్దన్నారు గానీ ఈల వెయ్యొద్దన్నారా?” అంది భార్య.

దర్జీగారు పెరట్లో నిలబడి నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని ఈల వేశారు. వీధంతా మోగిపోయింది.

“ఎవడ్రా అది? ఎవరికిరా సైగలు?” వీధిలోంచి కానిస్టేబులు గద్దించాడు.

దర్జీగారు నోట్లోంచి వేళ్ళు తీసేశారు.

“నేనేనండీ!” అన్నాడు మేడ మీంచి పాలాయన. జన్మలో ఈల వేసి ఎరగడు.

“ఓ, మీరా! కానివ్వండి, కానివ్వండి.”

పావురం ఇంకా ఆకాశంలోనే ఉంది. దర్జీగారు పెరట్లోంచి మళ్ళీ ఈల వేశారు, ఈసారి ఇంకా గట్టిగా.