బోర్లించని పొయ్యిరాళ్ళు

జక్కుల పర్వతాలును నేను మొదటిసారి చూసింది రాష్ట్రం ఏర్పడిన ఏడాది, ఇంటింటి సర్వే నాడు. చందంపేట మండలంలో బస్సు వెళ్ళని ఒక గొల్లగూడెం నా వంతుకు వచ్చింది. నన్ను అక్కడికి చేర్చిన జీపు అతనిదే, ఆ గూడెంలో మొదటి ఇల్లూ అతనిదే. దారిలో వాగు అడ్డం వచ్చింది. అతడు జీపు ఆపి, చెప్పులు విప్పి, చేతికర్రతో నేలను తడుముతూ అవతలి గట్టు దాకా నడిచి, తిరిగి వచ్చి స్టీరింగు పట్టాడు.

"మోకాలి లోతు కూడా లేదు. ఇంత జాగ్రత్త ఎందుకయ్యా?" అన్నాను.

"నీళ్ళు మీద ఒకతీరుంటయి, కింద ఒకతీరుంటయి, టీచరమ్మా. బండి మునిగితే తీయొచ్చు. మీరు మునిగితే బడి పిల్లలు పండుగ జేసుకుంటరు."

నవ్వు ఆపుకొన్నాను. అతని ఇంటి ముందు మంచంమీద కూర్చొని, ఇంట్లో ఎందరని అడిగాను.

"ఇద్దరం. నేను, మా తమ్ముడు సాయిలు."

"అతన్ని పిలువు. మనిషి కనబడితేనే లెక్క."

"ఏటి ఒడ్డున ఉన్నడు."

"కబురు పంపించు మరి."

"రాడమ్మా. నేను పిలువలే గద."

అతని చిన్నమ్మ లక్ష్మీనర్సమ్మ చేటలోని జొన్నలు పక్కకు పెట్టి నా చెవి దగ్గరకు వంగింది. "రాసుకోకు బిడ్డా. సాయిలు పోయి శానేండ్లాయె. వీడు గట్లనే అంటడు."

భూతకాలంలో చెప్పవలసిన మాటను అతడు వర్తమానంలో చెబుతున్నాడని అప్పుడు గ్రహించాను. ఒక్కడే అని రాసుకొన్నాను. పర్వతాలు నా కలం వైపు చూశాడు.

జరిగినదంతా ఆమే చెప్పింది. వేసవిలో సాగర్ వెనుక నీళ్ళు దిగిపోయినప్పుడు బయటపడే పచ్చికకు ఆ గూడెం వాళ్ళు గొర్రెలను తోలుకుపోతారు. బండిబాట కూడా లేని రాతిగుట్టలు దాటి, ఏటి ఒడ్డున వారాల తరబడి ఉంటారు. ఆ చోటు విడిచి లేచేనాడు పొయ్యిరాళ్ళు మూడింటినీ బోర్లించి, బూడిదమీద నీళ్ళు చిలకరించి, పెద్దవాడు అందరినీ పేరుపేరునా "పోదాం రా" అని పిలుస్తాడు. ప్రతివాడూ "వస్తున్న" అని పలకాలి. పలకనివాడి ప్రాణం అక్కడే ఉండిపోతుందట. రాళ్ళు నిలబడి ఉన్నంతకాలం, ఇంకా వంట అవుతూనే ఉందనుకొని ఆ పొయ్యి దగ్గర కూర్చొని ఉంటుందట.

అన్నదమ్ములిద్దరే ఉన్న ఒక వేసవి తెల్లవారుజామున సాయిలును కట్లపాము కరిచింది. పర్వతాలు తమ్ముణ్ణి వీపున కట్టుకొని గుట్టలెక్కాడు. రోడ్డు చేరకముందే వీపుమీది బరువు మారిందని అతనికి తెలిసింది. ఊళ్ళో కర్మలన్నీ చేశారు. పొయ్యిరాళ్ళు మాత్రం బోర్లించలేదు, పేరు పిలవలేదు. అంతలో వానలు పడి ఏరు ఆ చోటును కప్పేసింది. "ఒండ్రుల పడి ఆ పొయ్యి యాడుందో దొరుకుతలేదంటడు. దొరికితే పిలుద్దునంటడు" అని ముగించింది లక్ష్మీనర్సమ్మ.

గొర్రెలమ్మి అతడు జీపు కొన్నాడు. ఆ గుట్టల్లో ఎవరికి ఆపద వచ్చినా వీపున మోయవలసిన అవసరం ఉండకూడదన్నది అతని పట్టుదల. వేసవిలో నగరపు యువకులను ఏటి ఒడ్డున గుడారాలు వేసుకోవడానికి తీసుకుపోయేవాడు. బడి మానిన పిల్లలను వెతుక్కుంటూ నేను తండాలకు వెళ్ళినప్పుడల్లా అతని బండే మాట్లాడుకొనేదాన్ని. తిరిగి వచ్చాక నేను హాజరు పిలుస్తుంటే తరగతి గది కిటికీ దగ్గర నిలబడి వినేవాడు.

"మీరు పిలిస్తె పలకకుండ ఎవడుంటడమ్మా!" అనేవాడు.

నేను పదవీ విరమణ చేశాక, నీళ్ళు బాగా దిగిన ఒక వేసవిలో, నా మేనకోడలు ఉమారాణి తన స్నేహితుడు విజేందర్‌తో కలిసి అక్కడ గుడారం వేస్తానంది. నేనూ బయలుదేరాను. ఇసుక రాగానే పర్వతాలు చక్రాల్లో గాలి తగ్గించాడు. మంచి పచ్చిక బయళ్ళు ఎన్నో దాటించి, బీటలు వారిన ఒక ఒండ్రు దిబ్బ దగ్గర ఆపాడు.

"ఏందన్నా, గన్ని మంచి జాగలు దాటొచ్చి గీడ ఆపినవ్?" అన్నాడు విజేందర్.

"ఆడ రాత్రికి గాలి మర్లుతది, గుడారం నిలువది. ఈడనే."

పొయ్యికి రాళ్ళు ఏరుకు రాలేదతడు. మోకాళ్ళమీద కూర్చొని చేతులతో ఒండ్రును గోకాడు. మూడు రాళ్ళు బయటపడ్డాయి. వాటి లోపలి ముఖాలు నల్లగా ఉన్నాయి.

అన్నం వార్చాక ఒక మోదుగాకులో కొంత తీసి ఏటి వైపు పెట్టాడు. పొద్దు గుంకుతోంది. మేమంతా పొయ్యికి ఇవతలే ఉన్నాం. చివర కాలిపోయి ఆరబోతున్న కట్టె, అవతలినుంచి ఎవరో నెట్టినట్టు, మెల్లగా రాళ్ళ మధ్యకు జరిగి భగ్గున మండింది.

"అత్తా, కట్టె ఎవరు నెట్టిన్రు?" అని ఉమారాణి నా చేయి పట్టుకొంది. కట్టె కాలి దానంతట అదే ఒరిగిందని చెప్పాను. అలా చెప్పడం నా వృత్తి ధర్మం. పర్వతాలు మాత్రం తల ఎత్తలేదు. మరో కట్టె తెచ్చి, నిప్పులో పెట్టకుండా, ఆ అవతలి వైపున ఉంచాడు.

తెల్లవారి గుడారం విప్పాక, ఆచారం ప్రకారం పిలిచాడు. "ఉమారాణి బిడ్డా, పోదాం రా."

"వస్తున్న కాకా."

"విజేందర్ సారూ, పోదాం రా."

"ప్రెజెంట్ సార్!"

"గట్లనొద్దు. సక్కగ పలుకు." ఆ గొంతు విని విజేందర్ నవ్వు మానేసి పలికాడు. నన్ను పిలిచాడు, పలికాను. తర్వాత అతని చేయి మొదటి రాయిమీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. రాయిని నిమిరి, లేచి, జీపు వైపు నడిచాడు.

పిల్లలకు వినబడకుండా అడిగాను. "ఇదే కదూ? ఎప్పుడు దొరికింది?"

"మీరు సర్వేకు రాకముందే."

"మరి ఎందుకు పిలవలేదు?"

"వాడు పలికితె పోతడు. పలకకుంటె ఈడ ఎన్నడు లేనట్టే. నాకు రెండూ వద్దు, టీచరమ్మా."

"అందుకని ఇన్నేళ్ళు వాణ్ణి వంట కోసం కూర్చోబెట్టావా?" నా మాట నేననుకొన్నదానికంటె కటువుగా వచ్చింది. అతడు జీపు ఎక్కి తాళం తిప్పాడు. వచ్చేటప్పుడు వాగు దగ్గర తాను దిగకుండా, లోతు చూడకుండా, బండిని నేరుగా నీళ్ళలోకి దించాడు. నేను చూసినంతలో అలా చేయడం అదొక్కసారే.

పోయిన ఏడాది అతడు దవాఖానలో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. ఊపిరితిత్తులు చెడ్డాయి. మనిషి పక్కబట్టలో కలిసిపోయినట్టున్నాడు. ఏటి సంగతే మొదట అడిగాడు.

"నీళ్ళు దిగుతున్నయా?"

"దిగుతున్నాయి. నువ్వు కోలుకో. బండి నేను మాట్లాడతాను, నువ్వే వచ్చి పిలుద్దువుగాని."

తల అడ్డంగా ఊపాడు. "మీరన్నది నిజమే. వానికి ఆకలైతుండొచ్చు. నాకైతె గొంతు లేస్తలేదు." కొంతసేపు గాలి కోసం ఆగి, నా చేతిని వెతికి పట్టుకొన్నాడు. "మీ గొంతుకు పలకని పిల్లగాడు లేడు. నేను పోయినంక రాళ్ళు బోర్లేసి మీరు పిలువుండ్రి. ముందు సాయిలును. వాడు పలికినంక నన్ను. మందల చిన్నోడు ముందు నడుస్తడు, పెద్దోడు ఎనక. జర నిదానంగ పిలువుండ్రి, టీచరమ్మా, వాడు పలికెదాక ఆగుండ్రి. సర్వే నాటి తీరు వాన్ని లేడని రాసుకోకుండ్రి."