సిగ్గు విడిచి చెప్పిన జబ్బు

1924 ఆగస్టు 17, ఆదివారం సాయంత్రం. మలయా దేశంలో తెలుక్ ఆన్సన్ దగ్గరి రబ్బరుతోట, కూలీల ఇళ్ల వరుసైన కూలిలైనులో మా గది. ఉన్నవారు: నా భార్య మార్తమ్మ, మా అక్క ఎస్తేరు, సంఘపు ఉపదేశిగారు, నేను. నా పాత డైరీలో ఇలాగే ఉంది.

సహోదరులారా, మార్తమ్మకు కాన్పై పదకొండు రోజులు. బిడ్డ క్షేమమే గాని తల్లి ఒళ్లు నిప్పులా కాలుతున్నది, పొత్తికడుపు పట్టుకొని ముడుచుకుపోయింది! మా తోటలో ఆడవారి జబ్బును భర్తే, తెల్లవారుజామున పేర్లు పిలిచే వరుసలో నిలబడి, మందులిచ్చే డ్రెస్సరుకు చెప్పాలి. అంతమంది మగవాళ్లు వింటుండగా జ్వరమొచ్చిన మూడు రోజులూ నేను "కడుపునొప్పి" అన్నాను, ఆయన మూడు రోజులూ ఆముదమే ఇచ్చాడు. తప్పు ఆయనది కాదు, నాది.

ఆ సాయంత్రం ఉపదేశిగారితో ప్రార్థనకు మోకరించగానే అక్క నామీద విరుచుకుపడింది.

"కడుపునొప్పి ఏటిరా! మైల కుళ్లు వాసన కొడతంది, పొత్తికడుపు ముట్టనీదు. నీ సిగ్గే దీన్ని సంపేస్తాది!"

"మగోళ్ల మధ్య అదెలా సెప్పీదక్కా?"

"పాడె మొయ్యడానికీ ఆ మగోళ్లే వస్తారు, అప్పుడు సెప్పు!"

నేను నేలకు తల ఆన్చి ఏడ్చాను. "ప్రభువా, నీ వస్త్రం ముట్టి రక్తస్రావం మానిన ఆ స్త్రీ జనం నడుమ తన సంగతంతా నీతో చెప్పుకొన్నది గదా, నా నోటి కట్లు విప్పు తండ్రీ!" అని మొరపెట్టి, లేచి, డ్రెస్సరు ఇంటికి పరుగెత్తి, వరండాలో నలుగురు కూర్చొని ఉండగానే జ్వరం, నొప్పి, వాసన అన్నీ చెప్పేశాను! ఆయన అదిరిపడి అప్పుడే ఎద్దుబండి కట్టించి పట్టణపు ఆసుపత్రికి పంపాడు. అక్క బిడ్డనెత్తుకొని మాతోనే వచ్చింది.

కాన్పులో గర్భసంచికి పట్టిన విషం లోలోపల పాకి, దాని వెనుక చీము చేరిందని డాక్టరుగారు చెప్పారు. సోమవారం కోసి చీము తీశారు, మిగిలినది కిందికి కారడానికి మంచం తలవైపు ఇటుకలు పెట్టించారు. ప్రార్థించిన దేవుడే ఆ చేతులనూ నడిపించాడు, ఆయనకే మహిమ!

సోదరులారా, బాలింతకు జ్వరమొచ్చి కాన్పు మైల కుళ్లు వాసన కొడితే ఒక్క పూటైనా ఆగకండి. దేవుని నమ్మండి, ఉన్నదున్నట్లు డాక్టరుకు చెప్పండి.

చీము తీసిన మరునాటి ఉదయం మార్తమ్మ నుదురు ముట్టి చూశాను, చల్లగా ఉంది. ఆమె కళ్లు తెరిచి, "ఏటలా సూస్తావు? పిల్లనిలా తే, పాలిస్తాను" అన్నది.