ఒడిలో పోసిన పచ్చజొన్న

ఝరాసంగంలో రైతులూ పరిశోధకులూ కలిసి పాత జొన్న రకాలు పండించారు. ఏది మళ్లీ వెయ్యాలో తేల్చడానికి ఇవాళ రొట్టెలు చేసి రుచి చూస్తున్నారు. రుచి చూడ్డానికి కూర్చున్న రైతు మనోరమ మనసంతా పచ్చజొన్న మీదే ఉంది. పెళ్లినాడు న్యాల్‌కల్‌లో తల్లి ఒడిబియ్యంతో పాటు ఆ విత్తనమూ పోసి పంపింది. అత్తవారి చేను పత్తికి మళ్లాక విత్తనం పోయింది. తర్వాత తల్లీ పోయింది.

నాలుగో రొట్టె నోట్లో పెట్టుకుని మనోరమ నమలడం ఆపేసింది.

"గిది ఏడిది బిడ్డా?"

"న్యాల్‌కల్ నుంచి తెచ్చినం పెద్దమ్మా," అంది పరిశోధకురాలు సహస్ర. "మంచిగున్నదా?"

"విత్తనం మా అమ్మదే. రొట్టె కొట్టిన చెయ్యే ఆమెది కాదు."

లేచి పొయ్యి ముందు కూర్చుని, అదే పిండితో, తల్లిలాగే అంచు మందంగా తనే ఒక రొట్టె కొట్టి కాల్చింది. అచ్చం తల్లి చేసే రొట్టే వచ్చింది. చిన్నప్పుడైతే తల్లే తుంచి నోట్లో పెట్టేది.

చల్లారేదాకా దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.