టెంపరింగ్‌కి మా మామ చెప్పిన అర్థం

డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. ఎక్కడైనా ఒకటీ అరా మిగిలిపోతే, పెరంబూరులో లోకల్ రైలెక్కి ఫోన్ తెరిచి, అంబత్తూరులో దిగేలోగా తెలుసుకునేసేదాన్ని. అంత జ్ఞానం నాకు మళ్ళీ ఎప్పుడూ పట్టుబడలేదు.

అంబత్తూరులో ఇనుప సామాన్లను కాల్చి గట్టిపరిచే చిన్న కంపెనీలో నన్ను ట్రైనీగా పెట్టించింది మా మేనమామే. ఆయన అప్పటికి ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ ఫర్నేసు చూసుకుంటున్నాడు. తలుపు సందులోంచి ఎరుపు చూసి వేడి ఎంతో చెప్పేవాడు. మీటరు వేరేగా చూపిస్తే మీటరును తిట్టేవాడు. (చాలాసార్లు తప్పు మీటరుదే.) ఒకరోజు, గట్టిపరచమని మాకు గేర్లు పంపే పెద్ద కంపెనీ నుంచి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. తెలుగువాడే. మామ ముందు ఆగి, "టెంపరింగ్ అంటే ఏమిటయ్యా?" అని అడిగాడు.

మామ చేతులు తుడుచుకున్నాడు. "ఎర్రగా కాల్చి నూనెలో ముంచతాం గదా సార్, దాంతో ఇనుముకి రోషం ఎక్కువైపోతాది. గట్టిగానే ఉంటాది, కానీ సుమ్మా అట్టా ఊరికే తట్టినా విరిగిపోతాది. మళ్ళా కొంచెం వేడి పెట్టి ఆ రోషం దించాల. టెంపర్ దించేదే సార్ టెంపరింగ్."

ఆఫీసరు నవ్వాడు. ఓనరు అంతకంటే గట్టిగా నవ్వాడు. పరువు పోతోందని నాకు ఒళ్ళు మండింది. (మామ పరువనే అనుకున్నాను అప్పుడు.) ముందుకు తోసుకొచ్చి, "కాదు సార్, కోపానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది లాటిన్ మాట. తగుపాళ్ళలో కలపడం అని అర్థం" అని ఆ పొద్దున రైల్లో చదివినదంతా అప్పజెప్పాను. ఆఫీసరు నా పేరు అడిగి రాసుకున్నాడు.

వారం తిరక్కుండా నాకు ఏసీ గదిలో టేబులు వచ్చింది. పనికి అర్థం తెలియనివాళ్ళు ఫర్నేసు దగ్గర ఉండకూడదని మామను లారీల్లోంచి సరుకు దించే పనికి మార్చారు. మామ తరఫున నేను ఓనరుతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మైసూరుపాకు మాత్రం కొనుక్కుని మామ ఇంటికి వెళ్ళాను. ఆయన ఒక ముక్క తిని, "బాగుండాది పాపా" అన్నాడు.

ఇప్పుడు నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. మొన్న క్లాసులో ఒకమ్మాయి, "మేడమ్, టెంపర్ అంటే కోపం కదా, ఇనుముకెందుకు?" అని అడిగింది. నా లాటిన్ నాకు ఉండనే ఉంది. అయినా ఎందుకో ఈసారి నిఘంటువు తెరిచి చివరిదాకా చదివాను. రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చాయి. మనిషి ఒంట్లో గుణాలు తగుపాళ్ళలో కలిస్తే కుదురుగా ఉంటాడనీ, ఆ పాళ్ళు తప్పితే కోపిష్టి అవుతాడనీ పాతకాలం వాళ్ళు అనుకునేవారట. నేను రైల్లో సగమే చదివి దిగిపోయాను.

ఆ ఆదివారం పెరంబూరు వెళ్ళాను. మామ నడుం నొప్పికి కాపడం పెట్టించుకుంటున్నాడు. అంతా చెప్పాను.

"అట్నా! అయితే ఆ పొద్దు నేను చెప్పింది రైటేనా?"

"రైటే మామా. నేనే తప్పు చెప్పాను."

"సరి, ఆ ఆఫీసరు ఇప్పుడు యాడుండాడో కనుక్కో పాపా. పోయి చెప్పేసి వద్దాం."

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. మామ గోడ పట్టుకుని మెల్లగా లేచి, చొక్కా తొడుక్కుంటున్నాడు. ఇన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన నేను, ఫోన్ తెరిచి ఆ పెద్ద కంపెనీ నంబరు వెతకసాగాను.