మెరిసే సరుకు

ధర్మవరం బస్టాండు ఎదుట తిప్పేస్వామి అంగట్లో ఖాళీ సీడీలు, క్యాసెట్లు ఇంకా దొరుకుతాయి. మరక పడుతుందని సీడీని అంచులు పట్టుకునే ఎత్తుతాడు. కొనేవాళ్లందరూ పక్షులను బెదరగొట్టడానికి చేలల్లో కట్టుకునేవాళ్లే. "పాటలు ఎక్కించుకునే సరుకప్పా ఇది!" అని రోజూ మొత్తుకుంటాడు.

నిన్న ముదిగుబ్బ ఈరక్క ఒక సీడీ తెచ్చి బల్ల మీద పడేసింది. "ఇది పని చేయల్యా. చిలకలు దీని పక్కనే కూచోని జొన్నలు తింటాండాయి."

తిప్పేస్వామి పళ్లు కొరుకుతూ దాన్ని తుడిచి, కంప్యూటర్లో పెట్టి, పాట ఎక్కించి వినిపించాడు. "యాడ చెడిపోయిండాది? బాగానే పాడతాండాది గదక్కా!"

"పాడితే నాకేమి? మెరుపు ల్యా."

అతను నెత్తి కొట్టుకున్నాడు. కొత్త పెట్టె విప్పి, ఒక్కొక్క సీడీనే వీధిలోకి తెచ్చి ఎండకు తిప్పి చూశాడు. చివరికొకటి ఏరి ఇచ్చాడు.

"ఇది బాగా మెరుస్తాండాది. వేలి మరక పడకుండా కట్టుకోక్కా."